లెక్కలో రాయని పొటాషియం, నిండిపోయిన యూరిన్ బ్యాగ్

రాత్రి 2 గంటల 10 నిమిషాలకు వార్డు నుంచి ఫోన్. "సార్, సోడియం 106తో వచ్చిన ఆవిడకి యూరిన్ బ్యాగ్ మళ్ళీ నిండింది. సాయంత్రం ముదురు పసుపు రంగులో ఉండేది, ఇప్పుడు అచ్చం నీళ్ళలా వస్తోంది. తెల్లారాక చెబుదామా అనుకున్నాను గానీ..." అంటూ సిస్టర్ కాస్త నాన్చింది.

తెల్లారాక చెప్పి ఉంటే ఈ కేసు ఇంకోలా రాయాల్సి వచ్చేది.

హైపోనాట్రీమియా (రక్తంలో సోడియం బాగా తగ్గిపోవడం) కన్సల్ట్ రాగానే మన ట్రైనీలు ముందు ఫోన్ తీసి కాలిక్యులేటర్ తెరుస్తారు. నేనూ తెరుస్తాను, దాని మీద నాకేం కోపం లేదు. కాకపోతే అది అడిగేది మూడే: పేషెంటు బరువు, రక్తంలో సోడియం, ఎక్కించబోయే సెలైన్ ఏది అని. మంచం పక్కన వేలాడే బ్యాగ్ గురించి అడగదు. ఆ రాత్రి మేము చేసిన పొరపాటు అక్కడే ఉంది. పొరపాటు రెసిడెంట్ ఒక్కదానిదే కాదు. సాయంత్రం ఆ ప్లాన్ ఫోన్‌లో విని "సరే" అన్నవాణ్ణి నేనే.

పేషెంటును గుర్తుపట్టే వివరాలు మార్చాను. ల్యాబ్ అంకెలు, గంటలు మార్చలేదు.

వచ్చినప్పుడు

వయసు 66, బరువు 48 కిలోలు. నాలుగు రోజులుగా వాంతులు, తిండి దాదాపు లేదు. నీరసానికి మంచిదని ఇంట్లోవాళ్ళు నీళ్ళు మాత్రం బాగా తాగించారు. రెండు రోజులుగా మాటల్లో తడబాటు, మనుషుల పేర్లు కలగాపులగం, బాత్‌రూమ్‌కి వెళ్తూ ఒకసారి పడిపోవడం. ఫిట్స్ లేవు. సాయంత్రం 4 గంటలకు ఎమర్జెన్సీకి తెచ్చేసరికి మగతగా ఉంది, పిలిస్తే కళ్ళు తెరుస్తోంది, ఏ నెల అంటే చెప్పలేకపోతోంది. నాలుక ఎండిపోయింది. బీపీ 104/66, నాడి 104. తలకు దెబ్బ తగిలిందేమోనని సీటీ తీశారు, అందులో ఏమీ లేదు.

ఎమర్జెన్సీ నోట్‌లో "బీపీకి టెల్మిసార్టాన్" అని ఒక్క ముక్క రాసి ఉంది. మా రెసిడెంట్ ఒక మంచి పని చేసింది. కూతుర్ని అడిగి హ్యాండ్‌బ్యాగ్‌లోంచి మాత్రల స్ట్రిప్ తీయించింది. వెనక చిన్న అక్షరాల్లో రెండో మందు కూడా ఉంది: క్లోర్‌థాలిడోన్ 12.5 మిల్లీగ్రాములు. మూడు వారాల కింద బీపీ అదుపులో లేదని మార్చిన మాత్ర అది. "మాత్ర ఒకటేనండీ, ఎప్పుడూ వేసుకునేదే" అని కూతురు అంది. మాత్ర ఒకటే, మందులు రెండు.

రిపోర్టులు: సోడియం 106, పొటాషియం 2.3, క్లోరైడ్ 64, బైకార్బొనేట్ 31. యూరియా 34 మిల్లీగ్రాములు, క్రియాటినిన్ 0.8, షుగర్ 118. సీరం ఆస్మొలాలిటీ (రక్తంలో కరిగి ఉన్న పదార్థాల మొత్తం గాఢత) కొలిస్తే 226 వచ్చింది, లెక్క కడితే 224. అంటే ఇది నిజమైన హైపోనాట్రీమియానే, కొవ్వో ప్రొటీనో ఎక్కువై ల్యాబ్ మిషన్‌ను మోసం చేసింది కాదు. యూరిన్ ఆస్మొలాలిటీ 420, యూరిన్ సోడియం 52, పొటాషియం 34. మెగ్నీషియం 1.3. కార్టిసాల్, థైరాయిడ్ మరునాడు వచ్చాయి, రెండూ నార్మల్.

క్లోర్‌థాలిడోన్ థయజైడ్ వర్గం మందు, మూత్రం ఎక్కువ పోయించి బీపీ తగ్గించే రకం. థయజైడ్‌తో సోడియం పడిపోవడంలో మనం గుర్తుంచుకోవాల్సిన సంగతి ఒకటుంది. ఈ మందు పనిచేసేది కిడ్నీ గొట్టం చివరి వైపున్న డిస్టల్ ట్యూబ్యూల్‌లో. మూత్రం పలచబడే చోటు అది. మూత్రం పోయించే ఇంకో రకం మందు, లూప్ డైయూరెటిక్ అయితే మెడుల్లాలోని (కిడ్నీ లోపలి భాగం) గాఢతను కూడా దెబ్బతీస్తుంది, కాబట్టి కిడ్నీకి నీటిని పట్టుకునే శక్తి కొంత తగ్గుతుంది. థయజైడ్ ఆ శక్తి జోలికి పోదు. పలచన చేసే దారి మూసేసి, చిక్కబరిచే దారి తెరిచే ఉంచుతుంది. దానికి తోడు వాంతులతో ఒంట్లో నీరూ ఉప్పూ తగ్గి, కిడ్నీ చేత నీటిని పట్టించే హార్మోన్, ఏడీహెచ్, పూర్తిగా లేచి కూర్చుంది. వికారం కూడా ఏడీహెచ్‌ను బలంగా లేపుతుంది, ఈ మాట తర్వాత పనికొస్తుంది. ఇంత జరుగుతుంటే లోపలికి నీళ్ళు పోస్తూనే ఉన్నారు. చిన్న ఒళ్ళు, పెద్ద వయసు, ఆడమనిషి, కొత్తగా మొదలైన థయజైడ్. పుస్తకంలో బొమ్మలా కుదిరిన కేసు.

సాయంత్రం ప్లాన్

మగత, వాంతులు ఉన్నాయి కాబట్టి 3 శాతం సెలైన్ 100 మిల్లీలీటర్లు పది నిమిషాల్లో ఇచ్చారు. ఇందులో తప్పు లేదు. మెదడు ఉబ్బి ఉన్నప్పుడు నాలుగైదు పాయింట్లు పెంచితే చాలు, ప్రమాదం తప్పుతుంది. ఆ పెంపుకి భయపడి చేతులు ముడుచుకుని కూర్చుంటే అసలుకే మోసం. 5.30కి సోడియం 108, మనిషి కాస్త తేరుకుంది, కూతుర్ని పేరు పెట్టి పిలిచింది. ఇంకో బోలస్ (అలా ఒక్కసారిగా ఇచ్చే డోసు) అక్కర్లేదనుకున్నాం.

ఆ తర్వాత రెసిడెంట్ నాకు ఫోన్‌లో చెప్పిన ప్లాన్ ఇది. 6 గంటల నుంచి 0.9 శాతం సెలైన్ ఒక లీటరు, ఎనిమిది గంటల్లో. అందులో పొటాషియం క్లోరైడ్ 40 మిల్లీమోల్. నోటి ద్వారా పొటాషియం సిరప్ 6 గంటలకు 40, రాత్రి 10కి ఇంకో 40. మెగ్నీషియం. వాంతులకు ఇంజెక్షన్. సోడియం ఆరు గంటలకోసారి. "బోలస్‌తో 1.8, సెలైన్ లీటరుకు 2.1 పెరుగుతుంది సార్, మొత్తం నాలుగు దాటదు, ఎనిమిది లోపే ఉంటాం" అంది. ఎనిమిది అంటే మొదటి 24 గంటల్లో సోడియం పెంపు దాటకూడదని మేము పెట్టుకున్న గీత. నాకూ నిండుగానే అనిపించింది. సరే అన్నాను.

ఇప్పుడు అదే ప్లాన్‌ను మళ్ళీ లెక్క వేద్దాం. మీరూ పెన్ను తీసుకోండి.

ఆమె శరీరంలో మొత్తం నీరు సుమారు 22 లీటర్లు (పెద్ద వయసు ఆడవాళ్ళకు బరువులో 45 శాతం). లీటరు సెలైన్‌లో సోడియం 154. ఆమె సోడియం 106. తేడా 48. దాన్ని 23తో (ఒంట్లోని 22కి ఎక్కించే లీటరు కలిపి) భాగిస్తే 2.1, రెసిడెంట్ చెప్పిన అంకె అదే. కానీ ఆ సీసాలో 40 పొటాషియం కూడా ఉంది. 154కి 40 కలిపితే 194. అందులోంచి 106 తీసేస్తే 88, 23తో భాగిస్తే 3.8. నోటి ద్వారా ఇచ్చిన 80 మిల్లీమోల్‌తో పెద్దగా నీరు పోలేదు, 22తో భాగిస్తే 3.6. బోలస్ 1.8. అన్నీ కలిపితే 9.2.

మా ప్లాన్ కాగితం మీదే ఎనిమిది దాటేసింది. అదీ కిడ్నీ ఒక్క చుక్క నీరు వదలకముందే.

పొటాషియం ఇస్తే సోడియం ఎందుకు పెరుగుతుందని ప్రతి బ్యాచ్‌లోనూ ఎవరో ఒకరు అడుగుతారు. 1958లో ఎడెల్మన్ బృందం చూపించిన సంగతే ఇది: రక్తంలో సోడియం గాఢత ఒంట్లో మార్పిడికి అందే సోడియం, పొటాషియం రెండూ కలిపిన మొత్తాన్ని నీటితో భాగిస్తే వచ్చేదాన్ని అనుసరించి ఉంటుంది. ఇచ్చిన పొటాషియం కణంలోకి పోతుంది. దానికి బదులుగా, అంతకుముందు పొటాషియం ఖాళీ చేసిన చోట దూరిన సోడియం బయటికి వస్తుంది. లేదా పొటాషియంతో పాటు క్లోరైడూ లోపలికి పోయి, దాని వెంట నీరు పోతుంది. లేదా హైడ్రోజన్ బయటికొచ్చి బైకార్బొనేట్‌తో కలిసి కరిగిపోతుంది. దారి ఏదైనా రక్తంలో సోడియం పెరుగుతుంది. పొటాషియం ఒక మిల్లీమోల్ ఇచ్చామంటే సోడియం ఒక మిల్లీమోల్ ఇచ్చినట్టే లెక్క. ఈ కాలిక్యులేటర్ల వెనక ఉండే అడ్రోగే, మాడియాస్ సూత్రంలో కూడా ద్రవంలోని పొటాషియం కలుపుకునే రూపం ఉంది. మనం వాడే యాప్‌లో చాలాసార్లు ఆ గడి ఖాళీగానే వదిలేస్తాం.

పైగా పొటాషియం తక్కువగా ఉన్నవాళ్ళే ఆస్మాటిక్ డీమైలినేషన్‌కు (సోడియం మరీ వేగంగా పెరిగితే మెదడులో నరాల పైతొడుగు దెబ్బతినడం) ఎక్కువగా గురయ్యేవాళ్ళు. ఎవరికైతే మెల్లగా పెంచాలో వాళ్ళకే మనం వేగంగా పెంచే మందు చేతి నిండా పోస్తాం. పొటాషియం 2.3 ఉంటే ఇవ్వకుండా ఉండలేం, గుండె ఊరుకోదు. ఇవ్వాలి, కానీ సెలైన్ లెక్కలో రాసి ఇవ్వాలి.

రాత్రి చార్ట్

గంట గంటకూ మూత్రం కొలిచిన చార్ట్ నా దగ్గర ఇంకా ఉంది, ట్రైనీలకు చూపిస్తుంటాను. సాయంత్రం 6 గంటలకు 35 మిల్లీలీటర్లు. 7కి 40. 8కి 30. 9కి 45. 10కి 55. 11కి 90. పన్నెండుకి 180. ఒంటిగంటకు 340. రెండింటికి 420.

పైనుంచి కిందికి ఒకసారి వేలు పెట్టి చదవండి. పదింటి వరకు ఏమీ లేదు. పదకొండు దగ్గర ఏదో కదిలింది. పన్నెండుకి తలుపు తెరుచుకుంది. సోడియం రిపోర్టు మాత్రం పదింటిది 111 (అప్పటికే ఐదు పెరిగింది, ఫర్వాలేదు అనిపించే అంకె), తర్వాతది తెల్లవారుజామున 4 గంటలకు. అంటే అసలు కథంతా రెండు రిపోర్టుల మధ్య నడిచింది. ఆ సమయంలో అది కనిపించిన చోటు బ్యాగ్ ఒక్కటే.

ఏం జరిగిందంటే, సెలైన్‌తో ఒంట్లో లోటు తీరింది. ఇంజెక్షన్‌తో వికారం ఆగింది. ఏడీహెచ్‌ను లేపి ఉంచిన కారణాలు రెండూ ఒకేసారి పోయాయి. థయజైడ్ కొత్త డోసు పడలేదు. ఇక కిడ్నీకి నీరు పట్టుకోవాల్సిన పని లేదు, ఉన్న నీరంతా వదిలేయడం మొదలుపెట్టింది. ఇది జబ్బు కాదు, కిడ్నీ తన పని తాను చక్కగా చేసుకోవడమే. మనకు అదే ప్రమాదం. హైపోవొలీమియా (ఒంట్లో నీరూ ఉప్పూ లోటు), వికారం, నొప్పి, ఆపేసిన థయజైడ్, ఆపేసిన ఎస్‌ఎస్‌ఆర్‌ఐ (డిప్రెషన్ మందు), అడ్రినల్ లోపానికి ఇచ్చిన స్టెరాయిడ్: కారణం చిటికెలో తొలగిపోయే హైపోనాట్రీమియాలన్నీ ఇలాగే రాత్రికి రాత్రి తిరగబడతాయి. ఊపిరితిత్తుల గడ్డతో వచ్చిన ఎస్‌ఐఏడీహెచ్‌లో (అవసరం లేకున్నా ఏడీహెచ్ ఊరుతూనే ఉండే స్థితి) అయితే ఈ భయం తక్కువ, అక్కడ ఏడీహెచ్ అంత తొందరగా వదలదు. కన్సల్ట్ చూసినప్పుడు నేను ఇప్పుడు మొదట అడిగే ప్రశ్న "ఎంత పెంచాలి" అని కాదు, "ఈ మనిషిలో ఏడీహెచ్ ఎప్పుడు ఆగిపోతుంది" అని.

నేను వార్డుకి చేరేసరికి 2.30. సిస్టర్ చెప్పినట్టే బ్యాగ్‌లో ఉన్నది నీరే. టార్చ్ వేసి చూస్తే బ్యాగ్ వెనక ఉన్న మంచం కమ్మీ స్పష్టంగా కనబడింది. ఫోన్ పెట్టేసేముందే రక్తం, మూత్రం రెండూ పంపమన్నాను. సోడియం 117, పొటాషియం 2.9. యూరిన్ ఆస్మొలాలిటీ 88, యూరిన్ సోడియం 14, పొటాషియం 13.

పది గంటల్లో 11 పాయింట్లు.

ఈ యూరిన్ అంకెలతో ఇంకో చిన్న లెక్క. మూత్రంలో సోడియం, పొటాషియం కలిపి 27. రక్తంలో సోడియం 117. 27ని 117తో భాగిస్తే 0.23. అంటే పోతున్న ప్రతి 100 మిల్లీలీటర్లలో 77 వరకూ ఉప్పు లేని ఉత్త నీరు. గంటకు 420 పోతుంటే అందులో 320 పైచిలుకు ఉత్త నీరే. 22 లీటర్ల ఒంట్లోంచి అంత పోతే సోడియం గంటకు 1.7 పెరుగుతుంది. మేము ఏమీ ఎక్కించకుండా చేతులు కట్టుకుని కూర్చున్నా ఉదయం 8 గంటల రౌండ్స్‌కి 127 అయ్యేది. సాయంత్రం మేము వాడిన సూత్రంలో మూత్రమే లేదు. కిడ్నీలు పని చేయని మనిషికి మాత్రమే సరిపోయే సూత్రం అది, నెఫ్రాలజిస్టులం మనమే ఆ సంగతి మరిచిపోతాం.

తిప్పడం

సెలైన్ ఆపేశాం. 5 శాతం డెక్స్‌ట్రోజ్ గంటకు 150 మిల్లీలీటర్లు, అంటే కిలోకు గంటకు దాదాపు 3 మిల్లీలీటర్లు. ఏడీహెచ్‌లా పనిచేసే మందు డెస్మోప్రెసిన్ 2 మైక్రోగ్రాములు ఐవీ.

ఆర్డర్ రాస్తుంటే సిస్టర్ చేయి ఆగింది. "సార్, సోడియం తక్కువని చేర్చిన పేషెంటుకి డెస్మోప్రెసినా?" మంచి ప్రశ్న. అలా అడిగే సిస్టర్ ఉన్న వార్డులో నాకు నిద్ర బాగా పడుతుంది. మూత్రంలో నీరు పోవడం ఆపకుండా డెక్స్‌ట్రోజ్ పోస్తే, చిల్లు కుండలో నీళ్ళు పోసినట్టే. గంటకు 320 నీరు బయటికి పోతుంటే 150 పోసి ఏం లాభం? ముందు చిల్లు మూయాలి. డెస్మోప్రెసిన్ చేసేది అదే. కాకపోతే అది ఇచ్చాక మనిషి నీళ్ళు తాగడం మానాలి. మంచం పక్కన ఉన్న బాటిల్ నేనే తీసి కూతురి చేతికిచ్చి, ఎందుకో చెప్పాను. డెస్మోప్రెసిన్ లోపల ఉండగా ఎవరో జాలిపడి లీటరు నీళ్ళు తాగిస్తే, సోడియం మళ్ళీ పాతాళానికి పోతుంది.

పొటాషియం ఆరు గంటలు ఆపాం. ఇది నాకు ఇబ్బందిగానే అనిపించింది. 2.9 మీద డెక్స్‌ట్రోజ్ వెళ్తుంటే, ఇన్సులిన్ లేచి పొటాషియం ఇంకాస్త కణాల్లోకి పోతుంది. కానీ పొటాషియం ఇస్తే సోడియం కిందికి రాదు. ఈసీజీలో యూ వేవ్ చిన్నది తప్ప లయ బాగానే ఉంది, మానిటర్ తీయకుండా ఉంచి, రెండు గంటలకోసారి చూసుకున్నాం.

మూత్రం 3 గంటలకు 390, 4కి 210, 5కి 60, 6కి 35. సోడియం 4 గంటలకు 116, 6కి 114, 8కి 113. డెక్స్‌ట్రోజ్ మొత్తం 750 మిల్లీలీటర్ల దగ్గర ఆపేశాం. షుగర్ 182 వరకు వెళ్ళింది. అంతకంటే బాగా పెరిగితే షుగరే మూత్రాన్ని లాగుతుంది, మనం ఆపిన నీరు ఇంకో దారిన పోతుంది, అందుకని అదీ చూడాలి.

సాయంత్రం 4 గంటలకు, అంటే చేరి 24 గంటలు నిండేసరికి, 113. మొత్తం పెంపు ఏడు.

ఇక్కడ చాలామంది డెస్మోప్రెసిన్ ఆపేస్తారు, మళ్ళీ రాత్రి బ్యాగ్ నిండుతుంది. మేము ఎనిమిది గంటలకోసారి 2 మైక్రోగ్రాములు కొనసాగించాం, ఉద్దేశపూర్వకంగానే. కిడ్నీ నోరు కట్టేస్తే, ఇక సోడియం పెరగడం మన చేతిలో ఉంటుంది: ఎంత ఇస్తే అంత. రెండో రోజు 3 శాతం సెలైన్ గంటకు 10 మిల్లీలీటర్లు, పొటాషియం క్లోరైడ్ రోజంతా కలిపి 60. ఈసారి ఆర్డర్ షీట్‌లో రెసిడెంట్ రెండింటినీ ఒకే వరుసలో రాసింది: "సెలైన్ వల్ల 4.2, పొటాషియం వల్ల 2.7, మొత్తం 6.9." వచ్చింది 6. మూడో రోజు 125, నాలుగో రోజు 130. పొటాషియం 3.8. ఐదో రోజు ఉదయం డెస్మోప్రెసిన్ ఆపాం. మూత్రం మళ్ళీ లేచింది, కానీ 130 దగ్గర అది లేస్తే భయం లేదు.

ఇంత హడావుడి అవసరమా

ఈ మాట మీరు అడుగుతారని తెలుసు, ఈ మధ్య అందరూ అడుగుతున్నారు. 2023లో వచ్చిన ఒక పెద్ద పరిశీలనలో సోడియం 130 లోపు ఉన్న 22,858 ఆసుపత్రి చేరికలను చూస్తే డీమైలినేషన్ వచ్చింది 12 మందికే. నెమ్మదిగా పెంచినవాళ్ళలో మరణాలు ఎక్కువ కనిపించిన పరిశీలనలూ ఉన్నాయి. కాబట్టి ఎనిమిది, పది అని గీతలు గీసుకోవడం అతి జాగ్రత్త అనే వాదన బలపడుతోంది. 125తో వచ్చిన పేషెంటు విషయంలో ఆ వాదనతో నాకు పెద్ద పేచీ లేదు. పైగా నెమ్మదిగా పెంచాలనే భయంతో, ఫిట్స్ వస్తున్న మనిషికి 3 శాతం సెలైన్ ఆపడం నేను చూశాను, అది క్షమించరాని పొరపాటు.

కానీ ఆ 22,858లో ఎక్కువమంది ఈమెలాంటి వాళ్ళు కారు. 130 లోపు అంటే 128 కూడా అందులోనే ఉంటుంది. 1959లో ఆడమ్స్, విక్టర్, మాంకాల్ మొదటిసారి పాన్స్‌లో (మెదడు కాండంలో ఒక భాగం) ఈ దెబ్బను వర్ణించినప్పుడు అది మద్యం అలవాటున్నవాళ్ళలో, పోషణ లేనివాళ్ళలో కనిపించిందన్నారు. ఇప్పటికీ జాబితా పెద్దగా మారలేదు: సోడియం 105 అటూ ఇటూ, పొటాషియం తక్కువ, మద్యం, పోషణ లోపం, లివర్ జబ్బు. మెదడు కణాలు ఉబ్బకుండా ఉండడానికి మొదట పొటాషియాన్ని, ఆపైన రెండు రోజుల్లో ఇనోసిటాల్, టారిన్, గ్లుటమేట్ లాంటి వాటిని బయటికి తోసేస్తాయి. తోయడం తేలిక, తిరిగి తెచ్చుకోవడం ఆలస్యం. అవి చేరకముందే బయట సోడియం లేచిపోతే కణం ముడుచుకుపోతుంది. పోషణ సరిగ్గా లేని ఒంట్లో తిరిగి తెచ్చుకోవడానికి సరుకే ఉండదు. సగటు పేషెంటు గురించి వచ్చిన నిజం, అంచున ఉన్న పేషెంటుకు సరిపోవాలని లేదు.

నా శిక్షణ రోజుల్లో ఒక పేషెంటు ఉండేవాడు. సోడియం 104 నుంచి ఒక్క రోజులో 124 అయింది. మూడో రోజు లేచి కూర్చుని ఇంటివాళ్ళతో మాట్లాడాడు, అందరం సంబరపడ్డాం. ఆరో రోజుకి మింగడం పోయింది, ఎనిమిదో రోజుకి కళ్ళు పైకీ కిందికీ కదపడం తప్ప ఏదీ కదపలేకపోయాడు. మొదటి ఎంఆర్‌ఐలో ఏమీ లేదు. అందుకే "మర్నాడు ఎంఆర్‌ఐ నార్మల్" అనే మాట నన్ను ఊరడించదు. మార్పులు కనబడడానికి వారాలు పట్టవచ్చు, లక్షణాలు రెండు నుంచి ఏడు రోజుల మధ్య మొదలవుతాయి. మధ్యలో ఆ రెండు మూడు మంచి రోజులే మనల్ని మోసం చేస్తాయి.

ఆ తర్వాత

ఆ రాత్రి తెల్లారగానే కూతుర్ని కూర్చోబెట్టి జరిగింది చెప్పాను. రాత్రి సోడియం మేము అనుకున్నదానికంటే వేగంగా పెరిగిందని, ఇచ్చిన పొటాషియం మేము లెక్కలో వేయలేదని, వెనక్కి తగ్గించామని, వచ్చే వారం రోజులు మాటలో, మింగడంలో, నడకలో తేడా వస్తే వెంటనే చెప్పాలని. ఆమె అంతా విని "అయితే ఆ సిస్టర్ గారు ఫోన్ చేయకపోతే?" అని ఒక్కటే అడిగింది. నేను 127 అనే అంకె చెప్పాను.

ఐదో రోజు సాయంత్రం ఆమే పరుగెత్తుకుంటూ వచ్చింది. "డాక్టరు గారూ, అమ్మ మాట తేడాగా వస్తోంది." నా గుండె జారిపోయింది. వెళ్ళి చూస్తే మాట నిజంగానే ముద్దగా ఉంది. నాలుక కదలిక, గాగ్ రిఫ్లెక్స్, కాళ్ళ బలం, రిఫ్లెక్సులు అన్నీ చూశాను. నీళ్ళు మింగించాను, తేలిగ్గా మింగింది. పది నిమిషాల తర్వాత రెసిడెంట్ మెల్లగా, "సార్, ఆవిడ పళ్ళ సెట్ టేబుల్ మీద ఉంది" అంది. పెట్టుకున్నాక మాట మామూలే. అప్పుడు ముగ్గురం నవ్వాం గానీ ఆ పది నిమిషాలు నాకు ఇంకా గుర్తే.

తొమ్మిదో రోజు ఇంటికి వెళ్ళింది. సోడియం 134. ఆ మూడు వారాల మాత్రను ఆపి, బీపీకి ఆమ్లోడిపిన్ రాశాం. డిశ్చార్జ్ కాగితంలో అలర్జీలు రాసే చోట, అది అలర్జీ కాకపోయినా, "థయజైడ్ వర్గం మందులు మళ్ళీ వద్దు: సోడియం 106" అని పెద్ద అక్షరాల్లో రాయించాను. ఒకసారి ఇలా పడినవాళ్ళకు మళ్ళీ ఇస్తే మళ్ళీ పడుతుంది, అది డోసు తగ్గించి చూసే వ్యవహారం కాదు.

మా వార్డు ఆర్డర్ షీట్‌లో ఇప్పుడు రెండు మార్పులు. సోడియం 120 లోపు ఉన్న పేషెంటుకు మొదటి రోజు రక్తపరీక్ష రెండు గంటలకోసారి, తర్వాత నాలుగు గంటలకోసారి. రెండోది సిస్టర్ సొంతంగా పెట్టించింది: మూత్రం గంటకు 100 దాటితే, టైమ్ ఎంతయినా సరే, డాక్టరుకు ఫోన్, యూరిన్ ఆస్మొలాలిటీకి శాంపిల్. ఆ అంకె ఆ రాత్రి పన్నెండింటికే దాటింది. రెండు గంటల ముందు మాకు తెలిసి ఉండేది.

నాలుగు వారాలకు ఫాలో-అప్‌కి తనే నడుచుకుంటూ వచ్చింది. సోడియం 137, పొటాషియం 4.1. నడక, మాట, రాత అన్నీ బాగున్నాయి. బీపీ 152/88 ఉంది. "బీపీ ఎక్కువుందని ఇంకో డాక్టరు గారు మందు మార్చారండీ, రేపటి నుంచి వేసుకోమన్నారు" అంటూ బ్యాగ్‌లోంచి కొత్త స్ట్రిప్ తీసింది. ముందువైపు వేరే పేరు, వేరే రంగు. రెసిడెంట్ చెయ్యి చాచి దాన్ని వెనక్కి తిప్పింది. ఆమ్లోడిపిన్ 5, టెల్మిసార్టాన్ 40, ఇంకా కింద, అన్నిటికంటే చిన్న అక్షరాల్లో, హైడ్రోక్లోరోథయజైడ్ 12.5.